చంద్రమండలంలో కాలవ నీళ్ళు

పోయిన నెల నడుము నొప్పికని బళ్ళారిలో స్కానింగు తీయించుకోవడానికి పోయినాను. చల్లటి గదిలో సన్నటి బల్ల మీద పడుకోబెట్టి, చెవులకు ఏవో తగిలించి, కదలకూడదని గట్టిగా చెప్పి, అక్కడి అమ్మాయి బయటికి పోయింది. బల్ల దానంతటదే జరిగి నన్ను తెల్లటి గొట్టంలోకి తీసుకుపోయింది. కాసేపటికి గొట్టం చుట్టూ టకటకమని, గుర్రుమని చప్పుళ్ళు మొదలైనాయి. ఎవరో ఖాళీ డబ్బాను కర్రతో బాదుతున్నట్టు ఉంది. నాకు నవ్వొచ్చింది. ఆపుకుందామంటే పొట్ట ఎగిరెగిరి పడుతోంది.

ఆ అమ్మాయి పరుగెత్తుకొచ్చి బల్లను బయటికి తీసింది. భయపడినానేమో అనుకుంది పాపం. భయం కాదని, ఈ రాకెట్టు నేను చిన్నప్పుడే చూసినానని, అప్పుడు ఇంతకంటే నాసిగా ఉండేదని చెప్పినాను. ఆమెకేమీ అర్థం కాలేదు. మళ్ళీ మొదటినుంచి తీయాల్సి వచ్చింది.

రెండోసారి నవ్వు రాలేదు. గొట్టంలో అరగంట సేపు కదలకుండా పడుకుంటే, ఆ నవ్వు అడుగున ఇన్నేళ్ళూ దాచిపెట్టుకున్నది ఒకటి పైకి వచ్చింది. దాన్ని మా ఆయనకు కూడా ఎప్పుడూ చెప్పలేదు.

మాది బళ్ళారిలో పాత మిద్దె. నాయన జిన్నింగు మిల్లులో గుమాస్తా. ఇంట్లో అమ్మ, అవ్వ, నేను, పెండ్లి చేసుకోని మా చిన్నాయన. ఆయన దర్జీ. వీధి అరుగు మీద మిషను పెట్టుకుని రవికెలు, నిక్కర్లు కుట్టేవాడు. యుద్ధం రోజుల్లో మిలిటరీ క్యాంటీనులో రెండేళ్ళు టీలు అందించినాడు కాబట్టి ఆయనకు ఇంగ్లీషు వచ్చని వీధి మొత్తం నమ్మేది. నిజానికి వచ్చింది పది పన్నెండు మాటలు. వాటిలో సగం తిట్లు.

ఆ నమ్మకం మీదే ఒక సినిమా హాలు యజమాని ఆయనకు ఆదివారం పని ఇచ్చినాడు. అది రేకుల హాలు. మామూలు రోజుల్లో తెలుగు బొమ్మలు, కన్నడ బొమ్మలు ఆడేవి. ఆదివారం పొద్దున పది గంటల ఆటకు మాత్రం ఎక్కడెక్కడో తిరిగి తిరిగి అరిగిపోయిన ఇంగ్లీషు బొమ్మలు తెప్పించేవాడు. అన్నీ రాకెట్లు, చంద్రమండలం, కొండంత తేళ్ళు, మనుషుల్ని మింగే మొక్కలు. ఊళ్ళో ఎవరికీ ఆ భాష రాదు. అందుకని తెర పక్కన చిన్నాయన నిలబడి, రేకుతో చేసిన పొడుగాటి బూర నోటికి పెట్టుకుని, ఏం జరుగుతోందో తెలుగులో ఒకసారి, కన్నడంలో ఒకసారి చెప్పేవాడు. ఆయనకు మాత్రం ఏం తెలుసు. బొమ్మ చూసి ఊహించుకుని చెప్పేవాడు. రీళ్ళు కూడా వెనకాముందూ అయ్యేవి. ఒకసారి రాకెట్టు ముందు చంద్రుడి మీద దిగింది, ఆ తర్వాత ఇక్కడినుంచి బయల్దేరింది. చిన్నాయన ఏమాత్రం తొణకకుండా, ఏదో మర్చిపోయి తీసుకుపోవడానికి మళ్ళీ వచ్చినారని చెప్పినాడు.

ఆయన పక్కన చిన్న ముక్కాలిపీట మీద కూర్చునేది నేను. గొంతు ఎండితే నీళ్ళ చెంబు అందించడం నా పని. హాలు మొత్తంలో తెరకు అంత దగ్గరగా కూర్చునే హక్కు నాకొక్కదానికే ఉండేది. రేకు చిల్లుల్లోంచి ఎండ సన్నటి కడ్డీల్లా దిగి, బీడీ పొగలో తిరుగుతూ ఉండేది. ఉడకబెట్టిన శెనక్కాయల వాసన, చెమట వాసన, గోడకు కొట్టిన తడి సున్నం వాసన. నేలలో కూర్చున్నవాళ్ళు శెనక్కాయ పొట్టు ఒకరి మీద ఒకరు విసురుకునేవాళ్ళు.

ఎన్ని వంకలున్నా జనం ఆ ఆటకు విరగబడి వచ్చేవాళ్ళు. బొమ్మ కోసం కాదు, బొమ్మను ఎక్కిరించడానికి. రాకెట్టును వేలాడదీసిన దారం కనబడేది. రాక్షసుడు వెనక్కి తిరిగితే వీపు మీద గుండీలు కనబడేవి. ఆ గుండీలు చూసినప్పుడల్లా చిన్నాయనకు నిజంగానే బాధ కలిగేది. ఇంత ఖర్చు పెట్టి తీసినోళ్ళు ఒక మంచి దర్జీని పెట్టుకోలేదే అని బూరలో వాపోయేవాడు. చంకల కింద కుట్టు పట్టేసిందని, ఇంకో అర గజం గుడ్డ ఇడిసిపెట్టాల్సిందని చెప్పేవాడు. జనం పొర్లిపొర్లి నవ్వేవాళ్ళు.

నేను కూడా ఆయనకు మాటలు అందించేదాన్ని. "చిన్నాయనా, ఆ మరమనిషి చూడు, కిరసనాయిలు డబ్బా మాదిరి ఉండాడు" అని చెవిలో చెప్తే, ఆయన బూరలో చెప్పేవాడు. జనం నవ్వేవాళ్ళు. ఆ నవ్వు వెచ్చగా నా ఒంటి మీదికి వచ్చేది. ఒక ఆటలో అలా ఒకటో రెండో పేలేవి. మిగతావి పేలేవి కావు. అది నాకప్పుడు తెలియదు. నా పీట నాది, ఆ నవ్వు నాది అనుకుంటూ ఉండినాను.

నాకు పన్నెండు నడుస్తున్నప్పుడు మా పెరటి వైపు రెండు గదుల్లోకి ఒక తల్లీ కూతుళ్ళు బాడుగకు వచ్చినారు. కోస్తా నుంచి వచ్చి సిరిగేరి పక్క కాలవ కింద భూములు కొన్నవాళ్ళు. భర్త అక్కడే క్యాంపులో, అంటే అట్లా వచ్చిన రైతులు ఇళ్ళేసుకున్న కొత్త ఊళ్ళో, ఉండి వరి చేయిస్తుంటే, కూతురి చదువు కోసం ఆమె బళ్ళారి చేరింది. మేము ఆమెను క్యాంపు అత్త అనేవాళ్ళం. కూతురిది నా ఈడే, నా తరగతే. ఆ పిల్లను వీధిలో అందరూ క్యాంపు పిల్ల అనేవాళ్ళు. ఆమె పేరు పెట్టి పిలిచినట్టు నాకే గుర్తులేదు.

మొదట్లో అసూయ లేదు, వింతే. వాళ్ళింట్లో మూడు పూటలా అన్నమే తింటారని అవ్వ ముక్కున వేలేసుకుంది. మాకు రాత్రి పూట జొన్న రొట్టె, గురెళ్ళ కారం. వాళ్ళ జాడీల్లోంచి గోంగూర, ఆవకాయ వాసన పెరడు దాటి మా పంచలోకి వచ్చేది. ఆ పిల్ల మాట మాటకూ అండి పెట్టేది. మా ఎద్దును కూడా అండి అంటుందేమోనని మా అమ్మ నవ్వేది. చిన్నాయనను బాబాయి గారూ అని పిలిచేది. ఆయన పుట్టిన తర్వాత ఆయనను గారు అన్నది ఆమెనే. ఆ మాటకే ఆయన సగం పడిపోయినాడు.

ఒక ఆదివారం ఆమెను కూడా తీసుకుపోదామన్నాడు చిన్నాయన. నేనే ఎగిరి గంతేసినాను. నా పీట, నా హాలు, నా చోటు ఎవరికన్నా చూపించుకోవాలని నాకూ ఉండేది. పొద్దున్నే ముగ్గురమూ హోటల్లో బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిని పోయినాము. ఆ పిల్లకు మా బజ్జీ కారం పడక కళ్ళల్లో నీళ్ళు కారినాయి. నాకు బాగుండింది.

ఆ రోజు బొమ్మలో నలుగురు చంద్రమండలం మీద దిగినారు. అక్కడ అంతా రాళ్ళూ దుమ్మూ. గుహలోంచి అక్కడి రాజు వచ్చినాడు. నెత్తిన జల్లెడ లాంటిది పెట్టుకుని, చెయ్యెత్తి, ఆయాసపడుతూ ఎంతో సేపు ఉపన్యాసం చెప్పినాడు. ఎంతకీ ఆపడు. చిన్నాయన ఏం చెప్పాలో తోచక, భోంచేసినారా అని అడుగుతాండాడు అన్నాడు. నవ్వు రాలేదు. నేను కూడా ఏదో అందించినాను, రాజు చెడ్డవాడంట అని. అదీ పేలలేదు.

అప్పుడు క్యాంపు పిల్ల పీట మీద నా పక్కనుంచి లేచి, ఆయన మోచేయి పట్టుకుని మెల్లగా అన్నది.

"బాబాయి గారూ, ఆయన మా ఊరి రైతేనండి. పైవాళ్ళు తూము మూసేశారంట. చంద్రమండలానికి కాలవ నీళ్ళు ఎప్పుడు వదుల్తారని అడుగుతున్నాడు."

చిన్నాయన ఆ మాటను ఆ మాటగానే బూరలో చెప్పినాడు. అప్పుడు హాల్లో లేచినంత నవ్వు నేనెప్పుడూ వినలేదు. నేలలో సగం మంది కాలవ నీళ్ళ కోసం ఆఫీసుల చుట్టూ తిరిగి అలసిపోయినవాళ్ళే. ఒకాయన లేచి నిలబడి, "సామీ, మాకే రాలేదు, నీకేడ నుంచి తెస్తాం" అని తెరకు దండం పెట్టినాడు. ఆ తర్వాత చంద్రుడి రాళ్ళ నేల చూపించినప్పుడు, మా నాన్న చూస్తే ఇది కూడా కొనేస్తాడని ఆ పిల్ల అందించింది. మా ఊళ్ళ వాళ్ళు, క్యాంపుల వాళ్ళు ఒకరినొకరు చరుచుకుని నవ్వినారు. మామూలుగా ఆ రెండు జాతులూ బెంచీలో కూడా ఎడంగా కూర్చునేవి.

ఇంటికి వస్తూ చిన్నాయన ఆమె తల నిమిరినాడు. నా చేతిలో ఖాళీ చెంబు ఉంది.

ఆ పిల్ల గొప్పతనం ఏందో ఇప్పుడైతే చెప్పగలను. మేమందరమూ బొమ్మలో ఏది తప్పుగా ఉందో చూసి నవ్వేవాళ్ళం. దారం కనబడింది, గుండీ కనబడింది. ఆమె అక్కడ మనల్ని చూసేది. కొండంత తేలు ఊరి మీదికి వస్తే, ఇల్లిల్లూ తిరిగి తాసిల్దారు కోసం కోళ్ళడుగుతోందనేది. తెల్ల కోటు ముసలాయన మీటలు తిప్పుతుంటే, ఆయన రేడియోలో సిలోను తగల్లేదంట అనేది. అప్పుడు మాత్రం నాకు ఒక్కటే తెలుసు. ఇవన్నీ నాకెందుకు తట్టవు అని. రాత్రి పడుకుని రేపటి ఆదివారానికి మాటలు తయారు చేసుకునేదాన్ని. పొద్దున హాల్లో అవి చెక్కముక్కల్లా పడేవి.

ఇంట్లో కూడా అదే. తాత పోయిన తర్వాత మా అవ్వ పండ్లు కనబడేలా నవ్వింది లేదు. సినిమా అంటే ఆమెకు గిట్టదు, చెవులు కూడా సరిగ్గా వినబడవు. సాయంత్రం పెరట్లో బియ్యంలో రాళ్ళు ఏరుతూ కూర్చుంటే క్యాంపు పిల్ల ఎదురుగా గొంతు కూర్చుని, చేతులతో, కళ్ళతో బొమ్మ మొత్తం ఆడి చూపించేది. ఒకరోజు నేను బడి పుస్తకంతో అరుగు మీద ఉంటే లోపల్నుంచి ఏదో వింత చప్పుడు వినబడింది. పోయి చూస్తే అవ్వ నవ్వుతోంది. చాట ఒళ్ళోంచి జారి బియ్యమంతా ఒలికిపోయినా పట్టించుకోకుండా, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. నేను గడప దగ్గరే నిలబడిపోయినాను. ఆ ముసలామెకు అన్నం కలిపి పెట్టేది నేను, కాళ్ళు పట్టేది నేను.

ఆ వారంలోనే మేమిద్దరమూ పెరట్లో చంద్రమండలం ఆట ఆడినాము. ఊదుగొట్టం తుపాకీ. గడ్డివామి చంద్రుడు. తలకు టోపీ కావాలంటే, నేను వంటింట్లోంచి సత్తు గిన్నె తెచ్చి ఆమె నెత్తిన పెట్టి గట్టిగా అదిమినాను. కావాల్సిన దానికంటే గట్టిగానే. అది చెవులు దాటి దిగి ఇరుక్కుపోయింది. లాగితే రాదు. నాకు లోపల్లోపల ఎంత సంతోషమో. ఇప్పుడు ఏడుస్తుంది, అందరూ దాన్ని చూసి నవ్వుతారు అనుకున్నాను. నవ్వినారు నిజమే. గిన్నెలోంచి ఆ పిల్ల ఏడవలేదు. తాను చంద్రమండలం చేరినానని, ఇక్కడ చాలా చీకటిగా ఉందని, సాంబారు వాసన వస్తోందని, ఈ ఊరివాళ్ళు గిన్నె సరిగ్గా తోమరని గంభీరంగా చెప్పడం మొదలుపెట్టింది. ఇరుగుపొరుగు కూడా వచ్చి చేరినారు. అవ్వ ఆముదం రాసి గిన్నె ఊడదీసేలోపల వీధి మొత్తానికి ఆ పిల్ల ముద్దుబిడ్డ అయిపోయింది. ఆ గిన్నె తోమింది నేనేనని మా అమ్మ అందరికీ చెప్పింది.

ఇంత జరిగినా ఆమెకు నా మీద ఏ అనుమానమూ లేదు. బడికి నా చెయ్యి పట్టుకునే నడిచేది. లెక్కలు రాకపోతే నా పలక చూసేది. వాళ్ళమ్మ చేసిన సున్నుండల్లో రెండు దాచి నాకు తెచ్చేది. తింటూ కూడా కుళ్ళుకునేదాన్ని.

చలికాలంలో ఒక ఆదివారం చిన్నాయన గొంతు పూర్తిగా పట్టుకుపోయింది. మిరియాల కషాయం తాగినా మాట రాలేదు. అయినా హాలుకు పోయినాము. బొమ్మ మొదలైంది. ఆయన బూర నోటికి పెట్టుకుంటే గాలి తప్ప ఏమీ రాలేదు. జనం గోల మొదలుపెట్టినారు. వెనకనుంచి యజమాని చెయ్యి ఊపుతున్నాడు, కానియ్యి కానియ్యి అని. చిన్నాయన మా ఇద్దరి వైపూ తిరిగినాడు.

నేను చెయ్యి చాపినాను. అది ఇప్పటికీ నాకు కనబడుతుంది, సగం దూరం పోయిన నా చెయ్యి. రెండేళ్ళు ఆ పీట మీద కూర్చున్నది నేను. ఆయన అన్న కూతురిని నేను. బూర నా చేతి పక్కనుంచి పోయి ఆ పిల్ల చేతిలోకి చేరింది.

ఆమె మొదట తడబడింది. బూర బరువుకు రెండు చేతులతో ఎత్తి పట్టుకుంది. రెండు నిమిషాల తర్వాత ఆ హాలు ఆమెది. కన్నడం రాకపోయినా వచ్చిన నాలుగు మాటలూ కలిపి కొట్టింది. బొమ్మలో ఒక రబ్బరు బల్లి పట్నాన్ని తొక్కుతూ పోతుంటే, అది ఇల్లు బాడుగకు వెతుక్కుంటోందని, ఏ ఇల్లు చూసినా కాలు పట్టడం లేదని, ఇంటివాళ్ళు బల్లులకైతే ఇల్లు లేదంటున్నారని ఆట అయిపోయేదాకా లాక్కొచ్చింది. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టినారు, ఈలలు వేసినారు. ఒక సోడా అంగడాయన రంగు సోడా తెచ్చి ఆమె చేతిలో పెట్టినాడు. ఆమె సగం తాగి మిగతాది నాకు ఇచ్చింది. నేను తాగలేదు. దప్పిక లేదన్నాను.

మరుసటి రోజు ఆ పిల్ల నీళ్ళకు పోయినప్పుడు నేను వాళ్ళ వంటింటి గడప దగ్గరికి పోయినాను. క్యాంపు అత్త రోట్లో గోంగూర నూరుతోంది. ఆమెకు కూతురు సినిమాకు పోతుందని తెలుసు. ఆడవాళ్ళ పక్క, అడ్డం కట్టిన గుడ్డ చాటున కూర్చుని చూసి వస్తుందని అనుకుంటోంది.

"అత్తా, నిన్న నీ కూతురు మొగోళ్ళందరి ముందర నిలబడి బూరలో అరిచింది," అన్నాను. "అందరూ ఈలలు వేసినారు. బజార్లో క్యాంపు పిల్ల, క్యాంపు పిల్ల అని చెప్పుకుంటాండారు."

ఒక్క అబద్ధం లేదు. ఆ రాత్రి నాకు నేను చెప్పుకున్నది అదే. అందరూ ఎందుకు ఈల వేసినారో నేను చెప్పలేదు, అంతే.

రోకలి ఆగింది. కొత్త ఊరు, మొగుడు దగ్గర లేడు, ఎదిగే ఆడపిల్ల. పరాయి చోట నలుగురి నోళ్ళల్లో పడితే ఏమవుతుందోనన్న భయం ఆమె ముఖంలోకి వచ్చి కూర్చోవడం నేను చూసినాను. చూసి, అన్న మాట తర్వాత వెనక్కి తీసుకోవచ్చులే అనుకుంటూ ఇంట్లోకి వచ్చినాను.

తీసుకోలేదు. ఆ ఆదివారం లోపలే వాళ్ళ నాయన ఎద్దుల బండి కట్టుకుని వచ్చినాడు. వరి కోతలున్నాయని, ఇంట్లో మనిషి కావాలని మా నాయనతో మర్యాదగా చెప్పినాడు. పిల్ల చదువు సగంలో ఉందంటే, చదివిన కాడికి చాల్లెండి అన్నాడు. జాడీలు, పరుపుచుట్టలు, ట్రంకు పెట్టె బండికెక్కినాయి. అవ్వ గుమ్మంలో నిలబడి కళ్ళొత్తుకుంది. చిన్నాయన మిషను దిగి రాలేదు. తల వంచుకుని కుట్టుకుంటూనే ఉన్నాడు. ఆ రోజు ఆయన కుట్టిన రవికెకు ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి వచ్చింది.

బండి మీదనుంచి ఆ పిల్ల నన్ను దగ్గరికి పిలిచి, వంగి చెవిలో చెప్పింది.

"వచ్చే ఆదివారం బొమ్మ పోస్టరు గోడ మీద చూశాను. పెద్ద సాలీడు. అది గూడు అల్లేటప్పుడు, బాబాయి గారిని చూసి బట్టలు కుట్టడం నేర్చుకుందని చెప్పమను. బాగా నవ్వుతారు."

ఆమె గొంతులో ఏడుపు లేదు. పని ఎవరికో అప్పజెప్పి పోతున్నట్టు చెప్పింది.

నేను చిన్నాయనకు చెప్పలేదు. ఆ ఆదివారం సాలీడు గూడు అల్లుతుండగా, ఆయన చేతిలోంచి బూర అడిగి తీసుకుని, నా సొంత మాటలాగా నేనే చెప్పినాను. ముందుగా చెప్పినానో, ఆలస్యంగా చెప్పినానో తెలియదు. నా గొంతు రేకులో పడి పగిలినట్టు వినబడింది. ఎవరూ నవ్వలేదు. నేలలోంచి ఎవరో, "ఆ పాప యాడ?" అని అడిగినారు. చిన్నాయన నా చేతిలోంచి బూర మెల్లగా తీసుకున్నాడు. కోపంతో కాదు. వేడి గిన్నె పట్టుకున్న పిల్ల చేతిలోంచి తీసుకున్నట్టు.

కొన్ని వారాల తర్వాత ఒకరోజు సూదిలోకి దారం ఎక్కిస్తూ, నా వైపు చూడకుండానే అడిగినాడు. "క్యాంపు అత్తకు నువ్వేమన్నా చెప్పినావా పాపా?"

లేదన్నాను. దారం రెండుసార్లు తప్పింది. మూడోసారి ఎక్కింది. ఆయన మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. నన్ను హాలుకు రావద్దని కూడా అనలేదు. నేనే మానుకున్నాను. ఎండాకాలానికి యజమాని పొద్దుటి ఆట తీసేసినాడు. జనం తగ్గిపోయినారంట.

నాకు పెండ్లయి, ఇద్దరు పిల్లలు పుట్టిన తర్వాత సిరిగేరిలో మా ఆయన తరఫు చుట్టాలింటికి ఒక నామకరణానికి పోయినాము. అక్కడ మాటల్లో తెలిసింది, ఆమె ఆ పక్క క్యాంపులోనే ఉందని. భోజనాలయినాక ఒక్కదాన్నే పోయినాను. పోయేటప్పుడు అంతా చెప్పేద్దామనే పోయినాను. గడప దగ్గర నిలబడి ఎలా మొదలుపెట్టాలో దారి పొడవునా అనుకుంటూనే ఉన్నాను.

వాకిట్లో వడ్లు ఆరబోసి ఉన్నాయి. చుట్టూ ఐదారుగురు ఆడవాళ్ళు చాటలతో చెరుగుతున్నారు. మధ్యలో ఆమె. లావయింది, ముందరి జుట్టు నెరిసింది. ఏం చెప్తోందో నాకు వినబడలేదు గానీ, అందరి చాటలూ ఆగిపోయి ఉన్నాయి, ఒకామె కడుపు పట్టుకుని కింద కూర్చుండిపోయింది. నేను పెరటి గడప దగ్గర నిలబడినప్పటి మాదిరే గేటు దగ్గర నిలబడినాను. ముప్పై ఏళ్ళు దాటిన దాన్ని, బిడ్డల తల్లిని. కడుపులో అదే మంట.

ఆమె చూసి గుర్తుపట్టింది. వచ్చి చేతులు పట్టుకుంది. అండి పోయి మా మాటే వచ్చేసింది ఆమె నోట్లో. ఏంది, యాడ, ఎప్పుడొచ్చినావు అని. నేనే బడిలో నేర్చుకున్న మాటలు మాట్లాడుతున్నాను. మజ్జిగ ఇచ్చింది, తర్వాత వద్దన్నా అన్నం పెట్టింది. బడి మళ్ళీ పోలేదని, పదహారో ఏట క్యాంపులోనే పెండ్లి చేసినారని, ఆయన మంచివాడని చెప్పింది. వాళ్ళమ్మ పోయి రెండేళ్ళయిందట. చిన్నాయన పోయిన సంగతి నేను చెప్పినాను. నా మీద ఏ కోపమూ కనబడలేదు. వాళ్ళమ్మ ఆమెకు చెప్పలేదేమో. చెప్పినా ఆమె మనసులో పెట్టుకోలేదేమో. ఇప్పుడు చెప్పాలి అనుకున్నాను. నోరు తెరిచినాను.

అంతలో ఆమే అడిగింది. "నేనొచ్చేసినాక బూర ఎవురు పట్టుకున్నారు?"

"నేను," అన్నాను.

"నవ్వినారా?"

ఆమె అన్నం గిన్నె పట్టుకుని నా ఎదురుగా వంగి ఉంది. అంత దగ్గర నుంచి ఆ కళ్ళు చూసినాను.

"బాగా నవ్వినారు," అన్నాను. "లేచి నిలబడి చప్పట్లు కొట్టినారు. రెండేళ్ళు నేనే చెప్పినా."

ఆమె చెయ్యి గిన్నె మీద ఆగింది. ముఖం మీద నవ్వు అలాగే ఉంది గానీ కళ్ళల్లోంచి పోయింది. బాగుందిలే అన్నది. ఆ తర్వాత లేచి వాకిట్లోకి పోయి, ఎవరూ అడగకుండానే, వడ్లను కాళ్ళతో తిరగేయడం మొదలుపెట్టింది. అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు. ఆడవాళ్ళు ఆమె మళ్ళీ ఏమన్నా చెప్తుందని చూస్తున్నారు. ఆమె ఏమీ చెప్పలేదు.

ఆ ముఖాన్ని నేను బాగా ఎరుగుదును. నా ముఖం అద్దంలో ఎన్నిసార్లు అలా చూసుకున్నానో లెక్కలేదు. ఆమెకు నా మీద కుళ్ళు పుట్టడం అదే మొదటిసారి. ఒక్కదానికి, ఎప్పుడూ జరగని ఒక్కదానికి.

నిజం చెప్పాలంటే బస్సెక్కి కూర్చున్నప్పుడు నాకు సంతోషంగానే ఉండింది. కాలవ గట్టు దాటేదాకా ఉండింది. వచ్చే ఏడు మళ్ళీ పోయి రెండూ చెప్పేద్దాం, వాళ్ళమ్మతో అన్నదీ, ఈ రోజు అన్నదీ అనుకున్నాను. ఆ తర్వాత ఎన్నిసార్లు ఆ దారిన పోయినా ఆ క్యాంపు దగ్గర బస్సు దిగలేదు. ఆమె ఇప్పుడు ఉందో లేదో కూడా తెలియదు. ఉంటే మాత్రం, ఆ హాల్లో ఆమె తర్వాత నేను జనాన్ని అంత నవ్వించినానని ఇప్పటికీ నమ్ముతూ ఉంటుంది. ఈ ప్రపంచంలో అది నమ్మేది ఆమె ఒక్కతే. అందుకే దిగలేదేమో.